తీగకు కాయ బరువే: అలసిన తల్లికి కృతజ్ఞత ఎక్కడ దొరుకుతుంది

బిడ్డను మోస్తున్న తల్లిని చూసి “తీగకు కాయ బరువా?” అంటారు. సొరపాదు పెట్టి పెంచినవాళ్లు ఆ మాట అంత తేలిగ్గా అనరు. తీగ కాయను మోస్తుంది, నిజమే. కానీ నాలుగు గుంజలు పాతి, అడ్డకర్రలు కట్టి, పైన తాళ్లు లాగి పందిరి వేశాకే మోస్తుంది. పందిరి లేని సొర నేల మీదే పాకుతుంది, కాయ మట్టికి తగిలి పుచ్చిపోతుంది. సామెతలో మాత్రం పందిరి ఊసు లేదు.

చిన్నపిల్లల తల్లులకు అందే సలహాల్లోనూ ఇదే లోటు. ఆమె రాత్రి మూడుసార్లు లేచింది. తెల్లారేసరికి చిన్నవాడు పక్క తడిపాడు, పెద్దది ఇడ్లీ వద్దని మొరాయించింది. పదిగంటలైనా ఇంకా పళ్లు తోముకోలేదు. అలాంటి మనిషితో “పిల్లలు లేక ఎంతమంది గుళ్ల చుట్టూ తిరుగుతున్నారు! నీకు దేవుడిచ్చాడు, సంతోషించు” అంటారు. ఆ మాటతో సంతోషం రాదు. ఉన్న అలసట అలాగే ఉంటుంది, పైగా తప్పు చేస్తున్నానేమో అనే బాధ ఒకటి వచ్చి చేరుతుంది.

అలాగని కృతజ్ఞత పనికిమాలిన మాట కాదు. అది మనసుకు ఎంత మేలు చేస్తుందో, ఎప్పుడు చేయదో ఇరవై ఏళ్లకు పైగా పరీక్షిస్తున్నారు. మేలు ఉంది, కానీ కొద్దిపాటిది. అదీ కొన్ని షరతుల మీద. ఆ షరతులు తెలియకుండా వాడితే మందు విషమైనట్టే అవుతుంది.

ముందు పదం సంగతి చూద్దాం. కృతం అంటే చేసినది, జ్ఞ అంటే ఎరిగినవారు. ఎవరు ఏం చేశారో ఎరిగి ఉండడమే కృతజ్ఞత. ఇందులో నవ్వుముఖం పెట్టమని లేదు, ఆనందంగా ఉండమని లేదు, నోరు మూసుకోమని అసలే లేదు. ఇది లెక్క తెలిసిన పదం. ఆ లెక్కలో భర్త చేసింది, అత్త చేసింది, పనిమనిషి చేసింది ఎలా వస్తాయో, తల్లి స్వయంగా చేసిందీ అలాగే రావాలి. అలసట వేరే పద్దు. ఒకదాన్ని రెండోదానితో కొట్టివేయడం కుదరదు. ఈ వ్యాసంలో చెప్పబోయేదంతా ఈ రెండు పద్దుల సంగతే.

మంచి ఎందుకు గుర్తుండదు

2004లో మనస్తత్వవేత్త డేనియల్ కానమన్ బృందం టెక్సస్‌లో ఉద్యోగాలు చేసే 909 మంది స్త్రీలతో ఒక పని చేయించింది. నిన్నటి రోజును ముక్కలు ముక్కలుగా గుర్తు చేసుకుని, ఒక్కో ముక్కలో ఎలా అనిపించిందో రాయమంది. స్నేహితులతో కబుర్లు, భోజనం, టీవీ, చివరికి వంట కూడా పిల్లల్ని చూసుకునే పని కంటే పైన నిలిచాయి. దానికి కింద ఉన్నవి ఇంటిచాకిరీ, ఆఫీసు పని, ప్రయాణం లాంటివి. ఈ ఫలితం చూసి చాలామంది ఉలిక్కిపడ్డారు. 2009లో వచ్చిన మరో పరిశోధన ఆ ముడి కొంత విప్పింది. “హాయిగా ఉందా” అనే ప్రశ్నతో ఆగకుండా “ఈ పనికి విలువ ఉందనిపించిందా” అని కూడా అడిగేసరికి పిల్లలతో గడిపిన సమయం పైకి వచ్చింది. అంటే ఒకే గంట విసుగ్గానూ ఉండవచ్చు, విలువగానూ ఉండవచ్చు. విసుగు పుట్టినందుకు ప్రేమ లేదని అర్థం చేసుకోనక్కర్లేదు.

మనసు చెడును గట్టిగా, మంచిని పలచగా రాసుకుంటుంది. ఇది మనస్తత్వశాస్త్రంలో బాగా నిలబడిన సంగతుల్లో ఒకటి. ప్రమాదాన్ని ఒక్కసారి మరిచినా ప్రాణం పోతుంది, పువ్వును చూడడం మరిచిపోతే పోయేదేమీ లేదు. బిడ్డ ఏడుపు ప్రకృతి పెట్టిన అలారం, నిర్లక్ష్యం చేయలేనట్టుగానే అది ఉంటుంది. అందుకే సాయంత్రం అరగంట ఏడుపు పగలంతా ఆడుకున్న నాలుగు గంటల్నీ మింగేస్తుంది. ఇది తల్లి గుణంలోని లోపం కాదు.

రెండో కారణం, అలవాటు. వాషింగ్ మెషిన్ కొన్న వారం అది దేవుడిచ్చిన వరం. మూడో నెలకు గోడలో భాగం.

మూడోది నిద్ర. 2007లో ఒక ప్రయోగంలో ఆరోగ్యవంతులైన యువకులను, యువతులను సుమారు 35 గంటలు నిద్ర లేకుండా ఉంచి, బాధ కలిగించే బొమ్మలు చూపించారు. భయానికి, కోపానికి సంబంధించిన మెదడు భాగం, అంటే అమిగ్డాలా, నిద్రపోయినవారితో పోలిస్తే 60 శాతం ఎక్కువగా స్పందించింది. దాన్ని అదుపులో పెట్టే ముందరి మెదడుతో దాని లంకె సడలింది. బాలింత పరిస్థితి సరిగ్గా ఇదే కాదు, ఆమె నిద్ర పూర్తిగా పోదు, ముక్కలవుతుంది. అయినా పాలగిన్నె ఒలికితే కళ్లనీళ్లు ఎందుకొస్తాయో దీనితో కొంత అర్థమవుతుంది.

నాలుగోదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. తల్లి చేసే పని ఆనవాలు మిగల్చదు. గోడ కట్టినవాడికి సాయంత్రానికి గోడ కనిపిస్తుంది. పిల్లాడికి తినిపిస్తే మూడు గంటల్లో మళ్లీ ఆకలి, ఉతికితే మళ్లీ మురికి. “పొద్దున్నుంచి ఏం చేశావు?” అనే ప్రశ్నకు చూపించడానికి ఏమీ ఉండదు. లెక్క వేసి చూడండి. పుట్టిన కొత్తలో బిడ్డ 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. 10 సార్లు, సారికి 20 నుంచి 30 నిమిషాలు అనుకుంటే 200 నుంచి 300 నిమిషాలు. తాగిన ప్రతిసారీ భుజాన వేసుకుని త్రేనుపు వచ్చేదాకా తట్టి, జోకొట్టడానికి 10 నిమిషాలు, మొత్తం 100. పాలు సరిపోతున్న బిడ్డ మొదటి వారం గడిచేసరికి రోజుకు కనీసం 6 సార్లు తడుపుతుంది. దొడ్డికి వెళ్లినవి కలిపి 8 సార్లు మార్చడానికి 7 నిమిషాల చొప్పున 56. అన్నీ కూడితే దాదాపు 6 నుంచి 7న్నర గంటలు. స్నానం పోయలేదు, బట్టలు ఉతకలేదు, వంట మొదలే పెట్టలేదు, అప్పుడే ఒక ఆఫీసు దినం అయిపోయింది. దానికి ఆదివారం లేదు.

దేశమంతటా తీసిన లెక్కా ఇదే చెబుతోంది. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు ఆ పనికి వెచ్చిస్తున్నారు. ఇంట్లోవాళ్ల సంరక్షణకు స్త్రీలది 137 నిమిషాలు, పురుషులది 75.

కృతజ్ఞతలా కనిపించే మరో రెండు

మొదటిది పోలిక. “ఆవిడకు పిల్లలే లేరు, నీకున్నారు”, “మా రోజుల్లో కట్టెల పొయ్యి, నీకు మిక్సీ, గ్రైండర్, కుక్కరు.” ఇది ఇంకొకరి లేమిని చూపించి నోరు మూయించడం. ఇందులో ఎవరు ఏం చేశారన్న ఎరుక లేదు. ఫలితం ఎప్పుడూ ఒకటే, అపరాధభావం. గుర్తుపట్టడం సులువు. ఆ మాట విన్నాక శరీరం వదులైతే కృతజ్ఞత, ముడుచుకుంటే పోలిక.

రెండోది రుణభారం. పురుడు పోసిన పుట్టింటికి, మూడో నెలలోనో ఐదో నెలలోనో తీసుకెళ్లిన అత్తింటికి మధ్య మన ఇళ్లలో ఇది బాగా నడుస్తుంది. “ఇంత చేశాం నీకు” అనే మాట వెనక ఎప్పుడూ ఒక గడువు, ఒక వసూలు ఉంటాయి. రుణంగా అనిపించిన మేలు మనిషిని దగ్గర చేయదు, తప్పించుకు తిరగాలనిపిస్తుంది. అలాంటి చోట బలవంతంగా “మీరు లేకపోతే నేనేమైపోయేదాన్నో” అని పదేపదే అనడం వల్ల మనసులో కృతజ్ఞత పెరగదు, చిన్నతనం పెరుగుతుంది. చేసిన పనిని గుర్తించి చెప్పండి, చాలు. “ఆ నెల రోజులూ నువ్వు రాత్రిళ్లు మేలుకున్నావమ్మా” అంటే నిజం చెప్పినట్టు. అందులో లొంగుబాటు లేదు.

ముందు పందిరి

నాలుగు గంటలు కూడా వరసగా నిద్రలేని మనిషికి నోటుపుస్తకం ఇచ్చి మంచి విషయాలు రాయమనడం దాహంతో ఉన్నవాడికి నీళ్ల గురించి పద్యం చెప్పడం లాంటిది. ముందు నిద్ర సంగతి చూడాలి.

లక్ష్యం 8 గంటలు కాదు, అది ఇప్పట్లో దొరకదు. మధ్యలో తెగకుండా 4 నుంచి 5 గంటలు ఒక్క ముక్క. మొదటి నాలుగైదు వారాలు పాలు సరిగా పడే కాలం కాబట్టి ఆ రోజుల్లో రాత్రి తల్లి ఒక తడవ పూర్తిగా మానేస్తే రొమ్ములు గడ్డకట్టి నొప్పి, జ్వరం రావచ్చు. అప్పుడు పని ఇలా పంచుకోవాలి: భర్త బిడ్డను పక్కకు తెచ్చి ఇస్తాడు, తల్లి పడుకునే ఉన్నచోట పాలిస్తుంది, త్రేనుపు పట్టడం, గుడ్డ మార్చడం, జోకొట్టడం అతని వంతు. తల్లి 25 నిమిషాల్లో మళ్లీ నిద్రలోకి జారుతుంది. లేకపోతే అదే గంట పైన పడుతుంది. ఐదారు వారాలు దాటాక సాయంత్రమే పాలు పిండి పెట్టి, రాత్రి 9 నుంచి 1 దాకా భర్తో అమ్మమ్మో చూసుకోవచ్చు. పిండిన పాలు గదిలో 4 గంటలు నిలవుంటాయని రాసి ఉండే మాట 25 డిగ్రీల లోపు గదికి. మే నెలలో విజయవాడలో, రామగుండంలో ఆ లెక్క చెల్లదు. పిండిన వెంటనే మూత ఉన్న స్టీలు లేదా గాజు పాత్రలో ఫ్రిజ్‌లో పెట్టాలి, అక్కడ 4 రోజుల దాకా పనికొస్తాయి. నేరుగా పొయ్యి మీద కాచకుండా గిన్నెను వేణ్ణీళ్లలో ఉంచి వెచ్చబరచాలి. సీసా కంటే ఉగ్గుగిన్నె మేలు, కడగడం సులువు, ఇన్ఫెక్షన్ల భయం తక్కువ.

తర్వాత రక్తం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తం తక్కువైన మనిషికి నీరసం, చిరాకు, గుండెదడ ఉంటాయి. దాన్ని “ఓపిక లేని తల్లి” అని పేరు పెట్టి వదిలేస్తారు. ప్రసవం తర్వాత 180 రోజుల పాటు రోజుకొక ఐరన్ మాత్ర, అంటే 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, ప్రభుత్వ కార్యక్రమం కిందే ఇస్తారు. చాలామంది నెలకే ఆపేస్తారు. మింగినా ఒంటబట్టకపోవడానికి మామూలు కారణం, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోవడం, టీ కాఫీలతో మింగడం. రెండింటికీ కనీసం 2 గంటల ఎడం ఉండాలి. నిమ్మరసం పిండిన నీళ్లతో వేసుకుంటే ఇనుము బాగా పడుతుంది. ఇంకో పరీక్ష కూడా అడగండి, థైరాయిడ్. ప్రసవమైన ఏడాదిలో థైరాయిడ్ గాడి తప్పితే వచ్చే లక్షణాలు అచ్చం దిగులు లక్షణాల్లాగే ఉంటాయి.

బాలింత పథ్యంలో కాయం, మిరియం, వెల్లుల్లి కారప్పొడి మంచివే, నోటికి రుచి కూడా. మంచినీళ్లు, కూరగాయలు తగ్గించే పద్ధతి మాత్రం మంచిది కాదు. పాలిచ్చే తల్లికి మొదటి ఆర్నెల్లు మామూలు కంటే రోజుకు సుమారు 600 కేలరీలు ఎక్కువ కావాలి. ఆకలితో ఉన్న మనిషి దేన్నీ మెచ్చుకోలేదు.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు ఇళ్లలో పందిరికి ఒక తేదీ ఉంటుంది. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మ సాధారణంగా 6 నెలల్లో తిరుగు ప్రయాణం కట్టాలి. కొందరు అమ్మ వెళ్లేరోజుకు అత్తగారు దిగేలా టికెట్లు కుదుర్చుకుంటారు. ఆ తర్వాతి రోజు ఎవరూ ఉండరు. ఎయిర్‌పోర్టులో దింపి వచ్చిన సాయంత్రం ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోతుంది. వెళ్లడానికి రెండు వారాల ముందే అమ్మ చేసే పనులన్నీ కాగితం మీద రాసి, ఒక్కొక్కటే చేతులు మార్చుకుంటూ రావాలి. మొదట నూనె రాసి స్నానం, తర్వాత మధ్యాహ్నం వంట, చివర్న రాత్రి కాపలా. అమ్మ ఇంకా ఇంట్లో ఉండగానే తప్పులు జరిగిపోతాయి, దిద్దుకోవచ్చు. ఆ కాగితం మరో పనికీ వస్తుంది. దానంత కచ్చితమైన కృతజ్ఞతాపత్రం ఇంకొకటి ఉండదు.

రాసే పద్ధతి

2003లో మనస్తత్వవేత్తలు రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెకల్లా చేసిన ప్రయోగంతో ఈ రాసే అలవాటు ప్రపంచానికి తెలిసింది. ఒక గుంపును వారానికి ఒకసారి, తమకు మేలు జరిగిందనిపించిన 5 సంగతులు రాయమన్నారు, పది వారాల పాటు. మరో గుంపు చికాకులు రాసింది. మొదటి గుంపు తమ జీవితం గురించి మెరుగ్గా చెప్పింది. ఆ తర్వాత వచ్చిన పరిశోధనల్లో ఉత్సాహం కొంత తగ్గింది. దిగులు, ఆందోళనల మీద దీని ప్రభావం చూసిన 27 అధ్యయనాలను కలిపి లెక్కగట్టినవాళ్లు ఫలితం స్వల్పమేనని తేల్చారు. కాబట్టి దీన్ని చికిత్స అనుకోవద్దు. పూట తిన్నాక వేసుకునే వక్కపొడి లాంటిది, భోజనం కాదు.

చిన్నపిల్లల తల్లికి సరిపోయేలా మార్చుకుంటే ఇలా ఉంటుంది.

వారానికి ఒక్కసారి, 10 నిమిషాలు. రోజూ వద్దు. సోన్యా ల్యుబొమిర్‌స్కీ బృందం చేసిన పరీక్షలో వారానికి ఒకసారి రాసినవాళ్లకు మేలు కనిపించింది, మూడుసార్లు రాసినవాళ్లకు కనిపించలేదు. ఎక్కువైతే అదీ హోంవర్కు అయిపోతుంది, రాయని రోజు ఇంకో తప్పు చేసినట్టు ఉంటుంది. చేతులు ఖాళీ లేకపోతే పాలిచ్చే సమయంలో ఫోన్లో 30 సెకన్ల వాయిస్ నోట్ చాలు. మీ నంబరుకే పంపుకోండి.

ముందు కష్టం ఒక వాక్యం. దాన్ని దాటేసి మంచికి పోవద్దు. “మంగళవారం రాత్రి వాడు 2 నుంచి 4 దాకా ఏడ్చాడు, నాకు గోడకు విసిరేయాలనిపించింది” అని రాయాల్సి వస్తే అదే రాయండి. అనుభూతికి పేరు పెట్టి చెప్పినప్పుడు అమిగ్డాలా ఉరవడి తగ్గుతుందని మెదడు స్కానింగుల్లో చూశారు. పేరు పెట్టని కోపం ఇంకోచోట, సాధారణంగా పెద్దపిల్ల మీద, తేలుతుంది. ఒక మాట ఇక్కడే చెప్పాలి. అలాంటి క్షణం నిజంగా వచ్చినప్పుడు బిడ్డను వెల్లకిలా పక్క మీద పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, 5 నుంచి 10 నిమిషాలు వేరే గదిలోకి వెళ్లిపోవాలి. ఏడ్చినా ఫర్వాలేదు, ఊపి కుదిపితేనే ప్రమాదం. పసిబిడ్డల ఏడుపు రెండో వారం నుంచి పెరుగుతూ ఆరో వారం దగ్గర పతాకస్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకు దిగుతుంది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే “నా చేతిలోనే ఏదో లోపం ఉంది” అనే అనుమానం తగ్గుతుంది.

తర్వాత రెండు మూడు మంచి సంగతులు, ప్రతిదానికీ “ఎందుకు జరిగింది” అనే ఒక వాక్యం. మార్టిన్ సెలిగ్మన్ బృందం 2005లో పరీక్షించిన పద్ధతిలో ఈ కారణం రాయడం కూడా భాగమే. “నా బిడ్డకు కృతజ్ఞతలు” అని రాస్తే పనిచేయదు, అది శుభలేఖలో వాక్యం. “గురువారం మధ్యాహ్నం అన్నం వేడిగా తిన్నాను. ఎందుకంటే పక్కింటి పిన్నిగారు బాబును 40 నిమిషాలు వరండాలో తిప్పారు.” ఇందులో మనిషి ఉంది, పని ఉంది, కొలత ఉంది. మళ్లీ అడగడానికి దారీ ఉంది.

కనీసం ఒకటి మీరు చేసినది అయి ఉండాలి. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, నేనేం చేశానని. సర్దుకున్న సంగతులు వెతకండి. రెండేళ్ల పిల్ల చెప్పు వేసుకోనని నేలమీద పడి దొర్లింది, మీరు అరిచారు, పది నిమిషాల తర్వాత ఒళ్లో కూర్చోబెట్టుకుని “అమ్మ గట్టిగా అరిచింది, భయం వేసిందా” అన్నారు. రాయాల్సింది ఆ పది నిమిషాల తర్వాతిదే. తల్లీబిడ్డల మధ్య చూపులు, స్పందనలు పొందిగ్గా కుదిరే సమయం దాదాపు మూడో వంతేనని, మిగతాదంతా తప్పిపోవడం, మళ్లీ కలుపుకోవడమేనని మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ పరిశీలనలు చూపించాయి. బిడ్డ నేర్చుకునేది ఆ కలుపుకోవడంలోనే. ఇంగ్లండులో పిల్లల వైద్యుడు డొనాల్డ్ వినికాట్ అంతకు చాలా ముందే, 1950ల్లోనే, బిడ్డకు లోపం లేని తల్లి అక్కర్లేదు, సరిపోయేంత మంచి తల్లి చాలన్నాడు.

“ఇది లేకపోతే” అని ఊహించుకునే పద్ధతి ఒకటుంది. 2008 నాటి ప్రయోగాల్లో అది మామూలు జాబితా కంటే బాగా పనిచేసింది. బాలింతలు దీన్ని జాగ్రత్తగా వాడాలి. బిడ్డ లేకపోతే, భర్త లేకపోతే అని ఊహించొద్దు. ప్రసవం తర్వాత భయపెట్టే ఆలోచనలు వాటంతట అవే వస్తుంటాయి, వాటికి ఆజ్యం పోసినట్టవుతుంది. వస్తువులతో, సౌకర్యాలతో ఆడుకోండి: మున్సిపల్ నీళ్లు రెండు రోజులు రాకపోతే? అంగన్‌వాడీ ఈ వీధిలో లేకపోతే? స్కూలు వ్యాన్ డ్రైవరు 7 గంటల 40 నిమిషాలకు హారన్ కొట్టి రెండు నిమిషాలు ఆగే మనిషి కాకపోతే?

రాసింది ఎవరికీ చూపించకండి. ఫేస్‌బుక్‌లో పెట్టకండి. దీనికి మన దగ్గర మంచి కారణమే ఉంది, దిష్టి. “మావాడు రాత్రంతా పడుకుంటాడు” అని నలుగురిలో అన్న తల్లి ఆ రాత్రి ఎలా భయపడుతుందో తెలుగు ఇళ్లలో అందరికీ తెలుసు. నమ్మినా నమ్మకపోయినా, ఆ అలవాటు వల్ల మన తల్లులు మంచిని పైకి అనరు, “ఏదో, పరవాలేదు” అంటారు. కొన్నాళ్లకు తమలో తాము కూడా అనుకోవడం మానేస్తారు. మూసిన పుస్తకానికి దిష్టి తగలదు. పైగా చూసేవాళ్లు లేనప్పుడు అందంగా రాయాల్సిన పని ఉండదు.

ఇంట్లో చెప్పడం, “సాయం” అనే మాట

మన ఇళ్లలో ధన్యవాదాలు అనే మాట వేదిక మీదిది. అమ్మకు “థాంక్స్” అంటే “పరాయిదాన్నా?” అని నొచ్చుకుంటుంది. మన పద్ధతి వేరు, చేసిన పనిని పేరుపెట్టి చెప్పడమే మన థాంక్స్. “నువ్వు కలిపిన చారు తాగాక ఒళ్లు తేలికైంది.” ఏం చేశారు, దానివల్ల ఏం తప్పింది, నాకెలా అనిపించింది. ఈ మూడూ ఒక వాక్యంలో పడితే అత్తగారితోనైనా, ఆశా కార్యకర్తతోనైనా, పనిమనిషితోనైనా సరిపోతుంది. పనిమనిషి విషయంలో మాట ఒక్కటే చాలదు. బాలింత ఉన్న ఇంట్లో బట్టల మూట రెట్టింపవుతుంది, జీతం కూడా ఆ మేరకు పెరగాలి.

భర్త దగ్గరికి వచ్చేసరికి చిక్కుముడి పడుతుంది. అమెరికన్ సామాజికశాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1980ల్లో ఉద్యోగం చేసే దంపతుల ఇళ్లలో కృతజ్ఞతల బేరసారాలను గమనించింది. ఒకే పని ఒక ఇంట్లో కానుక, ఇంకో ఇంట్లో బాధ్యత. ఏది మామూలు అని ఇద్దరూ అనుకుంటున్నారో దాన్ని బట్టే లెక్క. ఆమె రోజుకు ఎనిమిదిసార్లు గుడ్డలు మార్చడం మామూలు, అతను ఒకసారి మార్చడం కానుక అయినప్పుడు, చూడవచ్చిన బంధువులంతా “ఎంత అదృష్టవంతురాలివమ్మా” అంటారు. ఆమె నోటి నుంచి మాట రాకపోతే కృతఘ్నురాలు. “సాయం చేస్తాడు” అనే మాటలోనే పని ఎవరిదో తేల్చేసి ఉంది.

కాబట్టి వరస మార్చాలి. ముందు పంపకం, తర్వాత కృతజ్ఞత. పనిని ముక్కలుగా కాకుండా మొత్తంగా అప్పగించండి. “ఆదివారం టీకాకు తీసుకెళ్లు” అంటే ముక్క. టీకా తేదీలు చూసుకోవడం, కార్డు వెతకడం, జ్వరం వస్తే వేయాల్సిన సిరప్ మోతాదు డాక్టరును అడగడం, రాత్రి మేలుకోవడం, ఇవన్నీ కలిపితే మొత్తం. గుర్తుపెట్టుకునే బరువు కూడా అతనికి మారినప్పుడే ఆమె తల తేలికవుతుంది. పంపకం అయ్యాక ఇద్దరూ ఒకరి పనిని ఒకరు గుర్తించి చెప్పుకోవాలి, అతనూ ఆమెకు చెప్పాలి. పంపకం జరగకుండా మెప్పు మాత్రమే చెబితే జరిగేది తెలిసిందే: మెచ్చుకున్న ఒక్క పనీ అతనికి స్థిరపడుతుంది, మిగిలిన ఏడూ ఆమెకు. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే ఈ పేరా మొత్తం మరిచిపోండి. అక్కడ కావలసింది 181 మహిళా హెల్ప్‌లైన్.

ఇది దిగులా, జబ్బా

ప్రసవమైన మూడు నుంచి ఐదు రోజుల మధ్య కారణం లేకుండా ఏడుపు రావడం సగానికి పైగా తల్లుల్లో కనిపిస్తుంది. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం ఒక కారణం. రెండు వారాల్లో తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే, బిడ్డను ఎత్తుకోవాలనిపించకపోతే అది ప్రసవానంతర డిప్రెషన్ కావచ్చు. భారతదేశంలో జరిగిన 38 అధ్యయనాలను 2017లో కలిపి చూస్తే సుమారు 22 శాతం తల్లుల్లో ఆ లక్షణాలు ఉన్నాయి. అంటే ఐదుగురిలో ఒకరు. ఈ జబ్బు లక్షణాల్లో ముఖ్యమైనది, మంచిని మంచిగా అనుభవించే శక్తి పోవడం. అలాంటి మనిషిని మూడు మంచి సంగతులు రాయమంటే ఒక్కటీ తోచదు, “చూశావా, నేనెంత పాపిష్టిదాన్నో” అనే రుజువు మాత్రం దొరుకుతుంది. కాలు విరిగినవాడిని నడక వ్యాయామం చేయమన్నట్టే. చికిత్స ఉంది, పాలిస్తూ కూడా వాడదగ్గ మందులు ఉన్నాయి. సొంతంగా కొనుక్కోకూడదు, సొంతంగా ఆపకూడదు.

లేనివి కనిపించడం, వినిపించడం, రోజుల తరబడి నిద్ర లేకపోయినా హుషారుగా ఉండడం, బిడ్డ గురించి వింత నమ్మకాలు, ఇవి వేరే జబ్బువి, ప్రసవానంతర సైకోసిస్ అంటారు. వెయ్యి ప్రసవాల్లో ఒకటి రెండు చోట్ల, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో వస్తుంది. గాలి సోకిందని తాయెత్తు కట్టించే వ్యవధి లేదు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తల్లినీ బిడ్డనూ విడదీయకుండా కలిపి చేర్చుకునే వార్డు బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 2009 నుంచి ఉంది. మామూలు మానసిక సహాయానికి టెలీ మానస్ నంబరు 14416, 24 గంటలూ, తెలుగులోనూ మాట్లాడవచ్చు. అమెరికాలో ఉన్నవారికి తల్లుల హెల్ప్‌లైన్ 1-833-852-6262.

డిప్రెషన్ ఉందేమో ఇంట్లోనే చూసుకోదగ్గ కొలత ఎడిన్‌బరో పట్టిక, 1987లో తయారైంది. గడిచిన 7 రోజుల గురించి 10 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 30. 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టరుకు చెప్పాలి, 13 గానీ ఆపైన గానీ వస్తే ఆలస్యం చేయకూడదు. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలనిపించడం గురించి. దానికి సున్నా కాకుండా ఏ జవాబు వచ్చినా మొత్తం ఎంతన్నది చూడనక్కర్లేదు, ఆ రోజే మాట్లాడాలి.

పుస్తకంలో ఏమీ తోచని వారం వస్తే తేదీ వేసి పేజీ ఖాళీగా వదిలేయండి, కల్పించి రాయవద్దు. ఒక ఖాళీ పేజీ అంటే ఆ వారం పిల్లలకు జలుబు, ఇంట్లో చుట్టాలు, లేదా పరీక్షలు. వరసగా రెండు ఖాళీ పేజీలు వస్తే ఆ పది ప్రశ్నలూ ముందు పెట్టుకుని కూర్చోవాలి, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని.